బొలీవియా రాజధాని ఏది? ఒక జీకే బిట్టు వెనకున్న నూట పాతికేళ్ల తగాదా

పోటీ పరీక్షలకు చదివిన వాళ్లకు ఈ బిట్టు గుర్తుండే ఉంటుంది. బొలీవియా రాజధాని ఏది? నా దగ్గరున్న రెండు గైడుల్లో ఒకదాంట్లో లా పాజ్ అని, రెండోదాంట్లో సూక్రే అని ఉండేది. మాస్టారిని అడిగితే, "ఆప్షన్లలో ఏదుంటే అది పెట్టండి, రెండూ ఉంటే దేవుడి దయ" అన్నారు. ఇంకో పేజీలో దీనికి తోడబుట్టిన బిట్టు ఉండేది: ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తులో ఉన్న రాజధాని ఏది? లా పాజ్‌ను రాజధానిగా ఒప్పుకుంటే జవాబు అదే, సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్లు. ఒప్పుకోకపోతే 2,850 మీటర్ల ఎత్తున్న ఈక్వడార్ రాజధాని కిటోకు ఆ పేరు దక్కుతుంది. సూక్రే కిటో కంటే కాస్త కిందే ఉంది. మొదటి బిట్టు తేలితే గానీ రెండోది తేలదన్నమాట.

2019 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల వివాదం నడిచినన్నాళ్లూ, ఒకటికి మించి రాజధానులున్న దేశాల జాబితాలు వాట్సాప్‌లో తెగ తిరిగాయి. అలాంటి జాబితా ఎవరు రాసినా దక్షిణాఫ్రికా పక్కన బొలీవియా ఉండి తీరుతుంది. కానీ జాబితాలో ఒక్క గీతలో కనిపించేది వేరు, ఆ దేశంలో జరిగింది వేరు. అక్కడ ఎవరూ కూర్చుని రాజధానిని పంచిపెట్టలేదు. ఒక అంతర్యుద్ధం ఎక్కడ ఆగిందో, పంపకం కూడా అక్కడే ఆగిపోయింది.

రాజధాని ఒక మాట, ప్రభుత్వ పీఠం ఇంకో మాట

2009లో అమల్లోకి వచ్చిన బొలీవియా రాజ్యాంగం ఆరో అధికరణంలో సూటిగా ఒక వాక్యం ఉంది: సూక్రే బొలీవియా రాజధాని. ఆ అధికరణంలో లా పాజ్ ఊసే లేదు. కాగితం మీద చూస్తే సందేహానికి చోటు లేదు.

అయితే అధ్యక్షుడు, మంత్రులు, రెండు సభల పార్లమెంటు, కేంద్ర బ్యాంకు, విదేశీ రాయబార కార్యాలయాలు అన్నీ లా పాజ్‌లోనే ఉన్నాయి. దీన్ని బొలీవియా జనం 'సేదె దె గోబియెర్నో' అంటారు. ప్రభుత్వం కూర్చునే చోటు, అంటే ప్రభుత్వ పీఠం. సూక్రేకు మిగిలింది న్యాయశాఖ. సుప్రీం కోర్టు, రాజ్యాంగ ట్రిబ్యునల్, వ్యవసాయ పర్యావరణ ట్రిబ్యునల్ అక్కడ ఉన్నాయి. వాటితోపాటు జాతీయ పత్రాగారం, గ్రంథాలయం కూడా అక్కడే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. గనుల మీద కొత్త పన్ను వేయాలని ప్రభుత్వం అనుకుంది. బిల్లు తయారయ్యేది లా పాజ్‌లో, దాని మీద సభ్యులు అరుచుకునేది లా పాజ్‌లో, అధ్యక్షుడు సంతకం పెట్టేది కూడా లా పాజ్‌లోనే. ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని ఎవరైనా సవాలు చేస్తే మాత్రం కాగితాలు సూక్రేకు వెళ్లాలి. రోడ్డు మార్గం సుమారు 700 కిలోమీటర్లు. ఒరూరో, పొటోసీ మీదుగా రాత్రంతా బస్సులో పోవాలి. విమానం ఎక్కితే గంటలోపు పని. చట్టం ఒక ఊళ్లో పుడుతుంది, బతకాలో వద్దో ఇంకో ఊళ్లో తేలుతుంది.

ఇంతవరకూ చక్కగా, కావాలని చేసుకున్న ఏర్పాటులా కనిపిస్తుంది. చిక్కంతా ఇది ఎలా వచ్చిందన్న దగ్గర మొదలవుతుంది.

నాలుగు పేర్ల ఊరు

సూక్రేను అక్కడివాళ్లు నాలుగు పేర్ల నగరం అంటారు: చార్కాస్, లా ప్లాటా, చుకిసాకా, సూక్రే. 16వ శతాబ్దం మధ్యకు కాస్త ముందు స్పానిష్ వాళ్లు కట్టిన ఊరిది. లా ప్లాటా అంటే వెండి. ఆ పేరు ఊరికి బాగానే నప్పింది. 1545లో పొటోసీ కొండలో వెండి బయటపడింది. పొటోసీ 4,000 మీటర్లకు పైన, ఎముకలు కొరికే చలి. గని అక్కడ, ఆ గనిమీద బతికే పెద్దల ఇళ్లు మాత్రం ఇంకా కిందున్న, వాతావరణం మెత్తగా ఉండే లా ప్లాటాలో. 1559లో స్పెయిన్ రాజు ఇక్కడ ఆడియెన్సియా అనే ఉన్నత న్యాయస్థానం పెట్టాడు. అది తీర్పులూ చెప్పేది, పాలనలోనూ వేలు పెట్టేది. 1624లో విశ్వవిద్యాలయం వచ్చింది. కోర్టూ, న్యాయవిద్యా, వాటి చుట్టూ అల్లుకున్న వకీళ్లూ. సూక్రేకు న్యాయస్థానం 1899 అంతర్యుద్ధం తర్వాత ఎవరో పెట్టిన భిక్ష కాదని ఆ ఊరివాళ్లు అనేది ఇందుకే.

1825 ఆగస్టు 6న బొలీవియా స్వాతంత్ర్య ప్రకటన ఇక్కడే జరిగింది. ఆ భవనాన్ని ఇప్పుడు స్వేచ్ఛా సదనం అంటారు. స్పానిష్ సైన్యాన్ని అయకూచో దగ్గర ఓడించిన ఆంటోనియో హోసే దె సూక్రే కొత్త దేశానికి రెండో అధ్యక్షుడయ్యాడు. 1839లో చట్టం చేసి ఆయన పేరే ఊరికి పెట్టి, రాజధాని అదేనని ఖరారు చేశారు.

ఖరారైతే చేశారు గానీ 19వ శతాబ్దంలో బొలీవియా ప్రభుత్వం ఒకచోట కుదురుగా కూర్చున్నది తక్కువ. తిరుగుబాటు ఎక్కడ లేస్తే అధ్యక్షుడు సైన్యంతో అక్కడికి పరుగెత్తేవాడు. పార్లమెంటు ఓసారి సూక్రేలో, ఓసారి లా పాజ్‌లో, ఇంకోసారి ఒరూరోలోనో కోచబాంబాలోనో జరిగేది. రాజధాని పేరు సూక్రేది, ప్రభుత్వం మాత్రం గుర్రం మీద.

వెండి దిగింది, తగరం ఎక్కింది

1890లలో ప్రపంచ మార్కెట్‌లో వెండి ధర పడిపోయింది. సూక్రే పెద్దల ఆస్తి వెండిలో ఉంది, వాళ్ల పార్టీ కన్సర్వేటివ్. అదే సమయంలో ఉత్తరాన, ఒరూరో, లా పాజ్ వైపు తగరానికి గిరాకీ పెరిగింది. అటు డబ్బు చేసిన వాళ్లు లిబరల్ పార్టీలో చేరారు. 1892కల్లా చిలీ తీరం నుంచి రైలు ఒరూరో దాకా వచ్చేసింది. సూక్రేకు రాలేదు. డబ్బు ఉత్తరానికి జరిగింది, అధికారం దక్షిణాన మిగిలింది. అలాంటి పరిస్థితి ఎన్నాళ్లో నిలవదు.

1898 నవంబరులో సూక్రే వర్గం పార్లమెంటులో ఒక చట్టం నెగ్గించింది: ఇకనుంచి ప్రభుత్వం శాశ్వతంగా సూక్రేలోనే ఉండాలి. లా పాజ్ సభ్యులు లేచి ఇంటికి వెళ్లిపోయారు. డిసెంబరులో లా పాజ్ తిరగబడింది. నినాదం ఫెడరలిజం, అంటే ఏ ప్రాంతం పాలన ఆ ప్రాంతానిదే. సైన్యాన్ని నడిపింది హోసే మాన్యువేల్ పాండో. అటు పక్క అధ్యక్షుడు సెవెరో ఫెర్నాండెస్ అలోన్సో. పాండోకు అసలు బలం వచ్చింది ఐమారా అనే ఆదివాసీ రైతుల నుంచి. వాళ్ల నాయకుడు పాబ్లో సారాటె విల్కా. పోయిన భూములు తిరిగి వస్తాయన్న ఆశతో వాళ్లు లిబరల్స్ పక్కన నిలబడ్డారు.

1899 ఏప్రిల్‌లో లిబరల్స్ గెలిచారు. ఆ తర్వాత జరిగింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఫెడరలిజం పేరుతో యుద్ధం చేసినవాళ్లు, గెలిచాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు, దేశం ఏకకేంద్రంగానే ఉండిపోయింది. సారాటె విల్కాను జైల్లో పెట్టారు, 1905లో ఆయన హతమయ్యాడు. రాజధాని సంగతి? పాండో ప్రభుత్వం లా పాజ్‌లో కూర్చుంది, పార్లమెంటూ అక్కడే కూర్చుంది, సుప్రీం కోర్టు సూక్రేలో ఉండిపోయింది. రాజధాని హోదా సూక్రే నుంచి తీసేశామని మాత్రం ఎవరూ రాయలేదు. ఓడినవాడి ఇంటి ముందు బోర్డు అలాగే ఉంచి, లోపలి సామాను పట్టుకుపోయినట్టు.

అందుకే బొలీవియాను వికేంద్రీకరణకు నమూనాగా చూపిస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. అక్కడ జరిగింది వికేంద్రీకరణ కాదు, సర్దుబాటు.

గిన్నె అడుగున లా పాజ్, అంచు మీద ఎల్ ఆల్టో

ప్రభుత్వం లా పాజ్‌లో ఉంటే దేశానికి ఏమవుతుందో తెలియాలంటే ఆ ఊరి ఆకారం చూడాలి. 1548లో స్పానిష్ వాళ్లు ఊరిని మొదట పైనున్న మైదానంలో లాహా దగ్గర స్థాపించారు. గాలి కొట్టే ఆ మైదానంలో నిలవలేక కొద్ది రోజులకే పక్కనున్న లోతైన లోయలోకి దిగారు. లా పాజ్ ఇప్పటికీ ఆ లోయలోనే ఉంది, గిన్నె అడుగున పోసినట్టు. గిన్నె అంచు మీద 4,000 మీటర్లకు పైన ఎల్ ఆల్టో. ఒకప్పుడు అది లా పాజ్ శివారు, 1985లో వేరే మునిసిపాలిటీ అయింది, ఇప్పుడు జనాభాలో లా పాజ్‌నే దాటింది. రెండూ కలిపితే సుమారు 16 లక్షలు. సూక్రే జనాభా 3 లక్షల దరిదాపుల్లో.

హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్లు బంజారా హిల్స్ ఎక్కారు. లా పాజ్‌లో దిగారు. ఎంత కిందికి వెళ్తే అంత వెచ్చన, గాలీ కాస్త చిక్కన, ఇంటి అద్దె కూడా ఎక్కువే. పైన ఉండేది ఎక్కువగా పల్లెల నుంచి, మూతబడిన గనుల నుంచి వచ్చిన ఐమారా కుటుంబాలు. ఈ రెంటినీ కలపడానికి 2014 మే నెలాఖరులో కేబుల్ కారు మొదలైంది. మనకు కేబుల్ కారంటే విహారయాత్ర. అక్కడ అది సిటీ బస్సు. మూటలు పట్టుకున్న అమ్మమ్మలు, యూనిఫాం పిల్లలు, ఆఫీసు ఫైళ్లు, అందరూ ఒకే డబ్బాలో ఎదురెదురుగా కూర్చుని ఇళ్ల కప్పుల మీదుగా దిగుతారు. ఇప్పుడు పది లైన్లున్నాయి.

ఆకారం చెప్పేశాక రాజకీయం దానంతటదే అర్థమవుతుంది. విమానాశ్రయం ఎల్ ఆల్టోలో. దేశంలోని చాలా ప్రాంతాలకు పోయే రోడ్లు ఎల్ ఆల్టో మీదుగానే. లా పాజ్‌కు పెట్రోలు, వంటగ్యాసు వచ్చే సెంకాటా డిపో ఎల్ ఆల్టోలో. అంచు మీద కూర్చున్నవాళ్లు రోడ్ల మీద రాళ్లు పేర్చితే అడుగున ఉన్న ప్రభుత్వానికి ఊపిరాడదు. ఇది కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. 1781లో తుపాక్ కటారి నాయకత్వంలో ఐమారా సేనలు ఇదే అంచు నుంచి లా పాజ్‌ను నెలల తరబడి ముట్టడించాయి. 2003 అక్టోబరులో సహజవాయువును చిలీ ఓడరేవు మీదుగా విదేశాలకు అమ్మే ప్రతిపాదన మీద ఎల్ ఆల్టో దారులన్నీ మూసేసింది. సెంకాటా నుంచి ఇంధనం ట్యాంకర్లను సైన్యం కాపలాతో కిందికి తేబోతే కాల్పులు జరిగాయి. ఆ గొడవల్లో 60 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 17న అధ్యక్షుడు సాంచెస్ దె లొసాదా రాజీనామా చేసి దేశం విడిచి వెళ్లిపోయాడు.

కింద ఊరి నడిబొడ్డున మురియో చౌక్. ఒక పక్క అధ్యక్ష భవనం, ఇంకో పక్క పార్లమెంటు. పార్లమెంటు నెత్తిన గడియారం ముళ్లు ఎడమవైపు తిరుగుతాయి, అంకెలూ తిరగేసి ఉంటాయి. దక్షిణార్ధగోళంలో ఎండగడియారం నీడ అలాగే తిరుగుతుంది కాబట్టి మా గడియారం ఇదే అని 2014లో అలా మార్చారు. 1946లో గుంపు అధ్యక్షుడు వియ్యర్రోయెల్‌ను చంపి దీపస్తంభానికి వేలాడదీసింది ఈ చౌక్‌లోనే. 2024 జూన్ 26న జనరల్ హువాన్ హోసే సునిగా సాయుధ శకటంతో పాత అధ్యక్ష భవనం తలుపు గుద్దించిందీ ఇక్కడే. కొన్ని గంటల్లోనే ఆ తిరుగుబాటు చల్లారిపోయింది. అధికారం లాక్కోవాలనుకున్నవాడు ఏ ఊరికి పోతాడో ఆ ఊరే రాజధాని అనుకుంటే, అది లా పాజే. సూక్రేను ఆక్రమించుకుంటే చేతికొచ్చేది కోర్టు ఫైళ్లు.

2005 జూన్ 9: ఒక్క రాత్రికి రాజధాని

ఈ లెక్క ఒక్కసారి తప్పింది. 2005 జూన్‌లో మళ్లీ ముట్టడి, మళ్లీ గ్యాసు గొడవే. అధ్యక్షుడు కార్లోస్ మేసా రాజీనామా ఇచ్చాడు. దాన్ని పార్లమెంటు ఆమోదించాలి, కానీ లా పాజ్‌లో సభ్యులు సమావేశమయ్యే పరిస్థితి లేదు. సరే, రాజధాని సూక్రే కదా అని సభను అక్కడికి మార్చారు, 1825 నాటి స్వేచ్ఛా సదనం ఉన్న ఊరికి.

మేసా తర్వాత వరుసలో ఉన్నది సెనేట్ అధ్యక్షుడు వాకా దియెస్. శాంటా క్రూజ్ ప్రాంతం మనిషి, ఆయన వస్తే ఒప్పుకోమని ఉద్యమకారులు ముందే చెప్పారు. సభ తరలితే ముట్టడి వెనకే ఉండిపోతుందని అనుకున్నవాళ్లకు ఆశాభంగమైంది. రైతులు, గని కార్మికులు సూక్రే దారిపట్టారు, ఊరి దగ్గర జరిగిన ఘర్షణలో ఒక గని కార్మికుడు చనిపోయాడు. చివరికి వాకా దియెస్ తప్పుకున్నాడు, తర్వాతి వరుసలోని దిగువసభ అధ్యక్షుడూ తప్పుకున్నాడు. మిగిలింది సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎద్వార్దో రోద్రిగెస్. ఆయన కోర్టు ఎలాగూ సూక్రేలోనే. ఆ రాత్రి పొద్దుపోయాక న్యాయమూర్తి అధ్యక్షుడయ్యాడు.

మూడు శాఖలూ ఒకే ఊళ్లో కనిపించిన ఆ రాత్రి ఇంకో సంగతి కూడా తేల్చింది. ప్రభుత్వం ఊరు మారితే ముట్టడి కూడా బస్సెక్కి వెనకే వస్తుంది. రోద్రిగెస్ లా పాజ్ వెళ్లి ఎన్నికలు జరిపించాడు. డిసెంబరులో ఈవో మొరాలెస్ సుమారు 54 శాతం ఓట్లతో గెలిచాడు.

2007: పీఠం కదులుతుందా, కదలదా

కొత్త రాజ్యాంగం రాయడానికి రాజ్యాంగ సభ 2006 ఆగస్టు 6న సూక్రేలోనే మొదలైంది. ఇంటికి వచ్చిన అతిథిని సూక్రే పాత బాకీ అడిగింది: పార్లమెంటూ అధ్యక్షుడూ తిరిగి ఇక్కడికే రావాలి. ఈ కోరికకు వాళ్లు పెట్టుకున్న పేరు 'కపిటలియా ప్లేనా', సంపూర్ణ రాజధాని హోదా.

సూక్రే వాదనలో పస లేకపోలేదు. చట్టం ఎన్నడూ మారలేదు, బలం మారింది. దేశం పుట్టిన ఊరు నుంచి ప్రభుత్వాన్ని తుపాకీతో పట్టుకుపోయారు. ఎప్పుడు పడితే అప్పుడు ముట్టడిలో చిక్కుకునే లోయ కంటే ప్రశాంతమైన ఊరు పాలనకు మేలు కదా అన్నారు.

లా పాజ్ జవాబూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నూరేళ్లుగా కట్టుకున్న కార్యాలయాలు, బ్యాంకులు, వాటి మీద బతికే లక్షల కుటుంబాలను ఒక తీర్మానంతో ఎలా తరలిస్తారు? ఖర్చు ఎవరిది? జనం ముట్టడించగల దూరంలో ప్రభుత్వం ఉండటం లోపమెలా అవుతుంది, అదే మా ప్రజాస్వామ్యం అన్నవాళ్లూ ఉన్నారు. 2007 జూలై 20న ఎల్ ఆల్టోలో లక్షల మంది చేరి ఒకే మాట అన్నారు: 'లా సేదె నో సె ముయెవె.' పీఠం కదలదు.

మధ్యలో మూడో చెయ్యి ఉంది. శాంటా క్రూజ్ వంటి తూర్పు ప్రాంతాల నాయకులు సూక్రేకు గట్టిగా మద్దతిచ్చారు. సోయా, గ్యాసు, వ్యాపారంతో శాంటా క్రూజ్ అప్పటికే దేశంలో అతి పెద్ద నగరం. వాళ్లకు సూక్రే మీద ప్రేమ ఎంతో తెలియదు గానీ, మొరాలెస్‌కు కంచుకోట ఎల్ ఆల్టో. ప్రభుత్వాన్ని ఆ కోట పక్క నుంచి లేపితే లాభం ఎవరికో లెక్క వేసుకోవడం కష్టం కాదు. సూక్రే వాళ్ల నిజమైన బాధ ఇంకొకరి చదరంగంలో పావు అయిందని నాకనిపిస్తుంది.

2007 ఆగస్టులో రాజ్యాంగ సభ ఈ అంశాన్ని చర్చ నుంచే తీసేసింది. సూక్రే భగ్గుమంది. నవంబరులో సభ ఊరి బయటి సైనిక పాఠశాలలో, ప్రతిపక్షం లేకుండా, ముసాయిదాను స్థూలంగా ఆమోదించింది. వీధుల్లో ముగ్గురు చనిపోయారు. తుది ఆమోదానికి సభ్యులు ఒరూరో వెళ్లాల్సి వచ్చింది. 2009 జనవరి 25 రిఫరెండంలో 61 శాతం మంది సరేనన్నారు. సూక్రేకు దక్కింది ఆరో అధికరణంలోని ఆ ఒక్క వాక్యం. ఆ రాజ్యాంగాన్ని మొరాలెస్ లాంఛనంగా ప్రకటించింది సూక్రేలో కాదు, ఎల్ ఆల్టోలో.

కోర్టు దూరంగా ఉంటే స్వతంత్రంగా ఉంటుందా

శాఖలను వేరు వేరు ఊళ్లలో పెట్టడానికి చెప్పే మంచి కారణం ఒకటుంది. జడ్జీలు మంత్రుల నీడలో ఉండకపోతే తీర్పులు నిష్పక్షపాతంగా వస్తాయన్నది ఆ వాదన. వినడానికి బాగుంది. బొలీవియా అనుభవం మాత్రం దీనికి సాక్ష్యం చెప్పదు. 2016 ఫిబ్రవరి రిఫరెండంలో, అధ్యక్షుడు మళ్లీ పోటీ చేయడానికి రాజ్యాంగం మార్చొద్దని స్వల్ప మెజారిటీతో జనం చెప్పారు. మరుసటి ఏడాది నవంబరులో సూక్రేలోని రాజ్యాంగ ట్రిబ్యునల్ మొరాలెస్ మళ్లీ పోటీ చేయొచ్చంది. 700 కిలోమీటర్ల దూరం ఆ తీర్పును ఆపలేకపోయింది. జడ్జీలను ఎవరు ఎంపిక చేస్తారు, ఎలా తీసేస్తారు అన్నదే అసలు సంగతి.

ఇక్కడ మన వైపు ఒక్కసారి చూడటం తప్పు కాదు. కోస్తా, రాయలసీమల మధ్య 1937 శ్రీబాగ్ ఒడంబడికలో ఒక మాట ఉంది: రాజధాని ఒకచోట, హైకోర్టు ఇంకోచోట, ముందుగా ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చు. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 2020 నాటి మూడు రాజధానుల చట్టం కర్నూలుకు ఈసారి కోర్టును చూపించింది, 2021 నవంబరులో వెనక్కి వెళ్లిపోయింది. సూక్రేకూ కర్నూలుకూ పోలిక ఇంతవరకే: ప్రభుత్వం పోయిన ఊరికి కోర్టుతో ఊరట. తేడా పెద్దది. ఇక్కడ పంపకం బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నది, అక్కడ యుద్ధరంగంలో తేలినది.

ఇప్పుడు

2025 ఆగస్టు 6న బొలీవియాకు రెండు వందల ఏళ్లు నిండాయి. ఉత్సవ సభ సూక్రేలో పెట్టారు. అధ్యక్షుడు లూయిస్ ఆర్సె వెళ్లి ప్రసంగించి లా పాజ్‌కు తిరిగొచ్చాడు. అక్టోబరు 19న రెండో విడత ఎన్నికల్లో రొద్రీగో పాస్ గెలిచాడు. నవంబరు 8న ప్రమాణస్వీకారం, లా పాజ్‌లో, ముళ్లు ఎడమవైపు తిరిగే ఆ గడియారం కింద.